మే నెల ఎన్నిక

నాడీన్ కొవాల్చిక్ స్కూలు బస్సు నడిపేది. తమ్ముడు ఇరాక్‌లో చనిపోయాక రెండు పార్టీల మీదా మనసు విరిగి, ఓటర్ల జాబితాలో ఏ పార్టీకీ చెందని మనిషిగా మిగిలిపోయింది. మా పెన్సిల్వేనియాలో అలాంటివాళ్లకు మే నెలలో పార్టీ అభ్యర్థిని తేల్చే ఎన్నికలో ఓటు లేదు. జిల్లాలాంటి మా కౌంటీలో రెండో పార్టీ అభ్యర్థినే నిలపదు. కాబట్టి మేలో గెలిచినవాడే నవంబరులోనూ గెలుస్తాడు.

ఒక ఏడు, ఓట్లతో ఎన్నికై కౌంటీని నడిపే కమిషనర్ రస్క్ కౌంటీ వృద్ధాశ్రమాన్ని అమ్మేశాడు. నాడీన్ తల్లిని గంటన్నర దూరంలోని మరో ఆశ్రమానికి తరలించారు. అమ్మేశాక మూతపడిన పాత ఆశ్రమాన్ని తిరిగి తెరిపిస్తానని గెయిల్ డాంబెక్ అనే ఆమె అదే పార్టీలో రస్క్‌కు పోటీగా నిలబడింది.

ఓటు రాదని తెలిసే నాడీన్ మేలో పోలింగు జరుగుతున్న ఫైర్ స్టేషన్ హాలుకు వెళ్లింది. బల్ల వెనక పెద్దన్న భార్య లొరెట్టా కూర్చుని ఉంది. ఇరవై ఏళ్లుగా పార్టీ మనిషి. పేరు చూసి, నిబంధన ఒప్పుకోదని నెమ్మదిగానే చెప్పింది. నాడీన్ కదల్లేదు.

"మంచులో ఇల్లిల్లూ తిరిగి తలుపులు కొట్టింది మేము. నీకేమో మా పార్టీ పేరెత్తితేనే కంపరం. మా అభ్యర్థి ఎవరో నువ్వెలా తేలుస్తావు?" అంది లొరెట్టా.

"నవంబర్లో ఇంకో పేరుంటే మీ గడప తొక్కేదాన్ని కాదు వదినా. మీ అత్తగారు ఎక్కడ చావాలో కూడా మీ పార్టీయే తేలుస్తుందా?"

లొరెట్టా మొహం ఎర్రబడింది. అయినా బ్యాలెట్ ఇవ్వలేదు, ఇవ్వడానికి ఆమెకు వీలూ లేదు. కోపమంతా స్టీరింగు మీద చూపిస్తూ నాడీన్ ఇంటికొచ్చింది.

కొద్ది ఓట్ల తేడాతో రస్క్ గెలిచాడు. బ్యాలెట్ మీద లేని పేరు చేత్తో రాసినా ఓటు చెల్లుతుంది కాబట్టి, నవంబరులో గెయిల్ పేరు రాయమని నాడీన్ బస్సు దిగినప్పటి నుంచి చీకటి పడేదాకా ఊరంతా తిరిగింది. రాసినవాళ్లు చాలామందే. చాలలేదు. క్రిస్మస్ ముందు తల్లి ఆ దూరపు ఆశ్రమంలోనే పోయింది. కబురందేసరికి రోడ్లన్నీ మంచుతో మూసుకుపోయాయి.

ఫిబ్రవరిలో నాడీన్ వెళ్లి ఆ పార్టీలో పేరు నమోదు చేయించుకుంది. లొరెట్టా విని సంబరపడి, తానే వచ్చి చేతులు పట్టుకుంది. ఇప్పటికైనా మనవాళ్లలో కలిశావు అంది.

నాడీన్ చేతులు విడిపించుకుంది.

"కలవడానికి రాలేదు వదినా. బయటి నుంచి ఎంత అరిచినా మీకు వినబడలేదు. ఇక లోపలే ఉండి అరుస్తాను."

ఆ వారమే పార్టీ సమావేశంలో రస్క్‌కు ఎదురుగా ముందు వరసలో కూర్చుంది.