నాలుగు కన్నాల గుండీ

ప్రతి ఆదివారం పొద్దున పది గంటలకి నూర్‌బీ మనవరాలు తబస్సుమ్‌ని తీసుకుని ఇంట్లోంచి బయల్దేరేది. తిరువూరు బస్టాండు దాటి నాలుగడుగులు వేస్తే ఎరువుల కొట్టు, దాని మేడ మీద ఒక గది. ఆ గదిలో సుప్రజ మేడమ్ ఆటిజం ఉన్న ఆరుగురు పిల్లలకి నలుగురిలో ఎలా మసలుకోవాలో నేర్పేది. ఆరుగురూ చదువులో చురుకే. లెక్కలిస్తే క్షణంలో చేసేవాళ్ళు, పక్కవాళ్ళతో మాట కలపమంటే మాత్రం చెమటలు పట్టేవి.

తబస్సుమ్‌కి పదిహేనేళ్ళు. వారం మొత్తంలో ఆ పిల్ల ఇంకొకరితో కలిసి నవ్వేది ఆ గంటన్నరే. గది బయట బెంచీ మీద కూర్చుని ఆ నవ్వు వినడం కోసం నూర్‌బీ మోకాళ్ళ నొప్పుల్ని కూడా లెక్కచేసేది కాదు.

ఈ మధ్య నూర్‌బీకి మరుపు పట్టుకుంది. ఏదైనా మర్చిపోయినప్పుడల్లా ఆమె కొంగులోంచి టిక్కుమని ఒక గుండీ రాలిపడేది. పాలవాడి పేరయితే చిన్న తెల్లది, పొయ్యి మీద పెట్టిన పప్పయితే ఇత్తడిది. వీధిలోవాళ్ళు "నూర్‌బీ, గుండీ పడింది చూసుకో" అని చెప్పి తమ దారిన తాము పోయేవాళ్ళు. నలభై ఏళ్ళుగా ఇంటి టైలరింగ్ షాపులో కాజాలు తీసి గుండీలు కుట్టిన మనిషి నుంచి గుండీలు కాక ఇంకేం రాలతాయి?

రాలినవాటిని తబస్సుమ్ ఏరి జామెట్రీ బాక్సులో దాచేది. ఏ గుండీ ఏ మరుపో ఆ పిల్లకే తెలుసు. దాన్ని తిరిగి నూర్‌బీ అరచేతిలో పెడితే పోయింది గుర్తొచ్చేది.

చిక్కంతా ఆ పెట్టడం దగ్గరే వచ్చింది. పోయిన నెల బసవపున్నయ్య గారు చొక్కా కొలతలివ్వడానికి షాపుకి వస్తే తబస్సుమ్ అందరి ముందూ నీలం గుండీ పైకెత్తి, "దాదీ, ఇది ఈయన పేరు. పొద్దున్నే మర్చిపోయావు" అంది. ఆయన నవ్వేశాడు. నూర్‌బీ కొడుకు ముజఫర్ మాత్రం కత్తెర టేబుల్ మీద పడేసి లోపలికెళ్ళిపోయాడు. సంగతి విని సుప్రజ మేడమ్ గ్రూపులో కొత్త పాఠం పెట్టింది. ఏదైనా ఇచ్చే ముందు ఇవ్వనా అని అడగాలి. వద్దంటే ఒక అడుగు వెనక్కి వెయ్యాలి. మనకి ఇష్టమైన విషయం రెండు నిమిషాలకి మించి మాట్లాడకూడదు.

"మూడో నిమిషంలో ఏమవుతుంది మేడమ్?" అని గ్రూపులోని విశ్వతేజ అడిగాడు.

"ఎదుటివాళ్ళకి బస్సు గుర్తొస్తుంది" అంది మేడమ్. తబస్సుమ్ పకపకా నవ్వింది.

ఆ తర్వాత ఒక ఆదివారం నూర్‌బీ దారి తప్పి, ఇద్దరూ మధ్యాహ్నం మూడింటికి ఇల్లు చేరారు. ముజఫర్ గొంతు పెంచలేదు. "అమ్మా, నాకు ఆదివారం షాపు మూయడం కుదరదు. ఇంకొక్కసారి ఇలా జరిగితే గ్రూపు మానిపించేస్తాను. పిల్లని నీ చేతుల్లో ఎలా పెట్టను చెప్పు?" అన్నాడు.

మర్నాటి నుంచీ నూర్‌బీ దారిలో వచ్చే కొట్ల పేర్లు లోలోపల వల్లెవేసుకుంటూనే ఉంది. మందుల షాపు, చెరుకురసం బండి, బస్టాండు. తర్వాతి ఆదివారం గ్రూపు అయ్యాక కూడా అలాగే లెక్కపెట్టుకుంటూ బస్టాండులోకి అడుగుపెట్టింది. వెనకనుంచి మామిడికాయల లారీ చెవులు పగిలేలా హారన్ కొట్టింది. తబస్సుమ్ రెండు చెవులూ మూసుకుని ఆగిపోయింది. మనవరాలిని దగ్గరికి తీసుకోబోయింది నూర్‌బీ.

టిక్కుమంది.

నూర్‌బీ చెయ్యి గాల్లోనే ఆగింది. ఎదురుగా నీలం చున్నీ వేసుకున్న పిల్ల ఎవరో చెవులు మూసుకుని నిలబడి ఉంది. ఎవరి పిల్లో పాపం, అనుకుంది. తను ఇక్కడికెందుకు వచ్చింది? ఎదురుగా పెనుగొలను బోర్డుతో బస్సు కనబడింది. గుండె కుదుటపడింది. పెనుగొలను తన పుట్టిల్లు. అమ్మ అన్నం వండి ఎదురుచూస్తూ ఉంటుంది. ఆ అమ్మ పోయి ముప్ఫై ఏళ్ళయిందన్న మాట ఆమెకి తట్టలేదు. ఎక్కి కిటికీ పక్కన కూర్చుంది.

"ఎక్కడికి మామ్మా?" అన్నాడు కండక్టరు జోజిబాబు.

"పెనుగొలను."

"కూర్చో, తీసేస్తున్నాం."

నీలం చున్నీ పిల్ల కిటికీ కిందకి వచ్చి చేతి దూరంలో నిలబడింది. గుప్పెట్లో ఏదో పట్టుకుంది.

"నమస్కారం అండి. నా పేరు తబస్సుమ్. మీ గుండీ పడింది. ఇవ్వనా?"

నూర్‌బీ చూసింది. పెద్ద నల్ల గుండీ, నాలుగు కన్నాలది. "నాది కాదమ్మా. ఇంకెవరిదో చూడు."

"సరేనండి" అంటూ ఆ పిల్ల ఒక అడుగు వెనక్కి వేసింది.

డ్రైవరు బస్సు స్టార్టు చేశాడు. ఆ మోతకి పిల్ల మళ్ళీ చెవులు మూసుకుంది, ముందుకీ వెనక్కీ ఊగింది. ఈ పిల్లతో పెద్దవాళ్ళెవరూ లేరా అని నూర్‌బీ చుట్టూ వెతికింది.

"నాకు గుండీలంటే ఇష్టమండీ" అంది పిల్ల గట్టిగా. "రెండు నిమిషాలు మాట్లాడొచ్చా?"

"ఏయ్ పాపా, ఎక్కుతావా, తప్పుకుంటావా?" జోజిబాబు అరిచాడు.

పిల్ల అతని వైపు చూడలేదు. "నాలుగు కన్నాల గుండీని మా నాన్న రెండు అడ్డగీతలుగా కుడతాడు."

"పనిదొంగ!" నూర్‌బీకి చిర్రెత్తుకొచ్చింది. "అలా కుడితే ఆర్నెల్లు కూడా ఆగదు. ఇంటూ గుర్తులా కుట్టాలి."

"మా దాదీ కూడా అదే అంటుందండీ." బస్సు కదిలింది. పిల్ల పక్కనే నడవసాగింది. "ఆఖర్న గుండీ కింద దారం ఎన్ని చుట్లు చుట్టాలండీ?"

"అయిదు."

"మా దాదీ కూడా అయిదే అంటుంది."

"మీ దాదీ ఎవరో గానీ పని తెలిసిన మనిషే." నూర్‌బీ కిటికీలోంచి చెయ్యి చాపింది. "ఏదీ, ఇటివ్వు, చూపిస్తాను."

హారన్ మోగింది. పిల్ల ఈసారి చెవులు మూసుకోలేదు. పరుగెత్తి ఆ అరచేతిలో గుండీ పెట్టింది.

"తబస్సుమ్!" నూర్‌బీ కేకకి బస్సంతా తిరిగి చూసింది. "ఆపవయ్యా బాబూ, ఆపు! నా మనవరాలు కింద ఉండిపోయింది!"

ఇంటికొచ్చే దారంతా నూర్‌బీ ఆ పిల్ల చెయ్యి వదల్లేదు. ఇంట్లో చెప్పొద్దే అనాలని నోటిదాకా వచ్చింది గానీ, తబస్సుమ్‌కి అబద్ధం చేతకాదు. గుమ్మంలోనే తండ్రికి మొత్తం చెప్పేసింది, బస్సు బోర్డుతో సహా.

ముజఫర్ తిరుగుతున్న మిషను చక్రాన్ని చేత్తో ఆపాడు. నూర్‌బీ తల ఎత్తలేదు. గ్రూపు గదిలోంచి వినబడే నవ్వు ఇక లేనట్టే అనుకుంది.

"పనిదొంగ అన్నది నన్నేనా?" అన్నాడు ముజఫర్.

"నిన్నే నాన్నా" అంది తబస్సుమ్.

అతని పెదవి చివర కదిలింది. అంతలోనే కళ్ళు తుడుచుకున్నాడు. "మరి వచ్చే ఆదివారం ఎవరు తీసుకెళ్తారమ్మా నిన్ను?"

"నన్నెవరూ తీసుకెళ్ళక్కర్లేదు. దాదీని నేనే తీసుకెళ్తాను."

ముజఫర్ తల్లి వంక చూశాడు, కూతురి వంక చూశాడు. సొరుగులోంచి నల్లదారం తీసి కూతురి చేతికిచ్చాడు.

ఆ గుండీ బాక్సులోకి వెళ్ళలేదు. తబస్సుమ్ నూర్‌బీ ముందు చాప మీద కూర్చుని, "కుట్టనా దాదీ?" అని అడిగి, ఆమె ఊఁ అన్నాకే దాన్ని కొంగు చివర పెట్టి ఇంటూ గుర్తులా కుట్టింది. కింద దారం అయిదు చుట్లు చుట్టి, ముడివేసి, పళ్ళతో కొరికింది.

"గట్టిగా కుట్టావా?"

"గట్టిగానే కుట్టాను. కానీ ఎప్పుడో ఊడుతుంది దాదీ."

నూర్‌బీ గుండీని వేలితో తడిమింది. "ఊడితే?"

తబస్సుమ్ సూదిని దారపుండకి గుచ్చింది. "నమస్కారం అండి అంటాను. మళ్ళీ నా పేరు చెప్తాను."