హాజరు వెయ్యని టీచరు

జబ్బు భయంతో బడి మూతబడి నెలలు గడిచాయి. ఒక ఉదయం హెడ్మాస్టరు ఫోన్ చేశారు.

"నాలుగో తరగతి హాజరు అందరికీ వేసెయ్యమ్మా. పై ఆఫీసుకి పంపాలి."

"ఫోన్లో క్లాసుకి వస్తున్నది పిడికెడు మందే కదండీ," అంది టీచరు.

"గ్రూపులో వీడియో పెట్టావుగా? పెడితే పాఠం చెప్పినట్టే."

"చెప్పినట్టే. విన్నట్టు కాదుగా!"

ఆయన విసురుగా ఫోన్ పెట్టేశారు. ఆమె రానివాళ్ళకి గైర్హాజరే వేసి పంపింది. ఏమీ రాని పిల్లల్ని అన్నీ వచ్చనుకుని పై తరగతిలో కూర్చోబెడితే వాళ్ళ గతేంటని ఆమె బెంగ.

మర్నాడు వీధిలోకి కూరగాయల బండి వచ్చింది. మైకులో టమాటా, వంకాయ అని అరుస్తున్నది ఆమె తరగతి పిల్లే. అందరూ గడుగ్గాయి అంటారు. పక్కన తండ్రి తూకం వేస్తున్నాడు.

"క్లాసుకి రావేమే?"

"ఫోను నాన్నకి కావాలి టీచర్. ఎప్పుడైనా దొరికినా, మీరు చేపలా నోరు తెరుస్తారు గానీ మాట వినపడదు."

తండ్రి కసిరాడు. టీచరు ఫక్కున నవ్వింది. తర్వాత మైకు వంక చాలాసేపు చూసింది.

"అన్నా, బేరాలయ్యాక ఇది కాసేపు ఇస్తావా?"

"మైకేంటమ్మా, బండే ఉంచుకో."

ఆ సాయంత్రం నుంచి వీధి మధ్యన పాఠం మొదలైంది. పిల్లలు ఎవరి గుమ్మంలో వాళ్ళు, ఎవరి మేడ మీద వాళ్ళు. పుచ్చకాయ కోసి భిన్నాలు చెబితే జవాబులు కిటికీల్లోంచి దూసుకొచ్చేవి.

"పరువు బజారున పడేశావు కదే!" అంది అత్తగారు.

"పిల్లలున్నది బజార్లోనే కదత్తయ్యా."

వారం తిరక్కుండా హెడ్మాస్టరు స్కూటరు మీద వచ్చారు. "ఎవరినడిగి పెట్టావు? ఎవరికైనా జబ్బు అంటుకుంటే?"

"అందుకే ఎవరూ గడప దాటడం లేదండీ."

"సరే, ఆ హాజరైనా మార్చు. లేదంటే నోటీసిస్తా."

"ఇవ్వండి. రానివాళ్ళని వచ్చారని మాత్రం రాయను."

ఆయన మైకు ఆపబోయారు. అరుగు మీంచి అత్తగారు కేకేసింది. "బాబూ, లెక్క సగంలో ఉంది. అది తేలాక పోట్లాడుకోండి!"

వీధంతా గొల్లున నవ్వింది. ఆయన మొహం కందగడ్డ చేసుకుని వెళ్ళిపోయారు.

నోటీసూ వచ్చింది, వెనకే బదిలీ కూడా. బళ్ళు తెరిచాక, గైర్హాజరు ఎక్కువున్నచోట పాత పాఠాలు మళ్ళీ చెప్పించాలని పైనుంచి వచ్చిన ఉత్తర్వు ఆమె వదిలొచ్చిన తరగతికే దక్కింది. మిగతా తరగతుల్లో కాగితం మీద అందరూ హాజరే మరి! అత్తగారు ఆ మాట ఇరుగుపొరుగుకి చెప్పిందే చెప్పింది.

కొత్త బడిలో మొదటిరోజు టీచరు పుస్తకం తెరవలేదు.

"ఫోన్లో పాఠాలు అందనివాళ్ళెవరు? తిట్టను, చెప్పండి."

పిల్లలు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. వెనక బెంచీలో ఒక చెయ్యి భయంగా లేచింది. చూస్తుండగానే గది నిండా చేతులే.

"భేష్," అంది టీచరు, సుద్దముక్క అందుకుంటూ. "అక్కణ్ణుంచే మొదలెడదాం. ఎవరొచ్చి ఆపుతారో చూద్దాం."