తొమ్మిదో పుల్ల

మార్కెట్ యార్డులో నన్ను మైకు అంటారు. కూరగాయల వేలంపాట పాడేవాణ్ణి. నా పాటకి రాగం లేదు, తాళం లేదు. ఇప్పుడు తాళం ఒకటి దొరికింది, నేరుగా దవడకే పడింది. రెండేళ్ళ కిందట టమాటా పెట్టెల దొంతర గడ్డం మీద కూలింది. విరిగిన ఎముక అతుక్కుంటూ అతుక్కుంటూ పక్కనున్న కీలుని కూడా కలుపుకుని బిగుసుకుపోయింది. ముప్పై ఏళ్ళు నోరు పెట్టుకుని బతికినవాణ్ణి, అప్పటినుంచి స్ట్రా పెట్టుకుని బతుకుతున్నాను.

"ఈ సీజను అయ్యేదాకా నువ్వు పాట పాడే అరుగు ఇంకెవరికీ ఇవ్వను మైకూ. తర్వాత నా చేతుల్లో లేదు," అన్నాడు యార్డు కార్యదర్శి. సీజనంటే ఇంకో ఆర్నెల్లు.

పళ్ళ ఆసుపత్రిలో బిగిసిన దవడల మీద పరిశోధన జరుగుతోందని, కొత్త రకం ఆపరేషన్ చేస్తున్నారని తెలిసి పేరిచ్చాం. ముందు కొలతకి రమ్మన్నారు. నోరు తెరిస్తే పైపన్నుకీ కిందిపన్నుకీ మధ్య ఎంత జాగా ఉందో చూస్తారట.

మా ఆవిడ దాన్ని పరీక్ష అనుకుంది. పరీక్షంటే మార్కులు ఎక్కువ రావాలిగా. ఐస్‌క్రీం పుల్లల్లాంటి చెక్కపుల్లలు పళ్ళ మధ్య ఒకదాని మీద ఒకటి దోపడం ఫిజియో ఎప్పుడో నేర్పాడు. నాలుగుతో మొదలుపెట్టి, రెండేళ్ళకి ఎనిమిదికి వచ్చాను. ఆ రోజు ఆసుపత్రి బెంచీ మీద మా ఆవిడ వేడి గుడ్డతో అరగంట కాపడం పెట్టి, తొమ్మిదోది కూడా కుక్కింది.

డాక్టరమ్మ స్కేలు పెట్టి మూడుసార్లు చూసింది. "పదహారు. పదహారు. పదహారు మిల్లీమీటర్లు."

మా ఆవిడ మొహం వెలిగిపోయింది. ఫారాలు నింపే అమ్మాయి కలం కింద పెట్టింది.

"పదిహేను, అంతకంటే తక్కువైతేనే తీసుకుంటాం పిన్నిగారూ."

"ఒక్కటేగా అమ్మా. తగ్గించి రాసుకో."

"ఇంకో డాక్టరుగారు విడిగా కొలుస్తారు. ఆయనకి ఈ అంకె చెప్పం."

ఆయనకీ పదహారే వచ్చింది.

"ఇంట్లో ఎనిమిదే పట్టేవమ్మా. ఇందాక బయట నేనే తొమ్మిదోది తోశాను." మా ఆవిడ ఆ పుల్ల తీసి చూపించింది.

ఆ అమ్మాయి జాలిపడింది. "మూడు వారాల తర్వాత మళ్ళీ కొలవచ్చు. ఒక్కసారే. ఖాళీ కూడా ఒక్కటే మిగిలింది. పుల్లలు మాత్రం మానకండి బాబాయ్‌గారూ. మానితే మళ్ళీ బిగుసుకుంటుంది."

తలూపాను. నోరు తెరవలేనివాడు మాట తప్పినా చప్పుడు కాదు.

ఇంటికి రాగానే పుల్లల డబ్బా అటకెక్కించాను.

"ఎనిమిదితో వెళ్ళినా సరిపోతుందిగా. మొత్తానికి మానడం దేనికండీ?"

"మళ్ళీ పదహారొస్తే?" అన్నాను పళ్ళ సందులోంచి.

మా ఇంట్లో ఇద్దరం ఒకేసారి నోరు మూసుకోవడం పెళ్ళయ్యాక అదే మొదలు.

ఆవలింత వస్తే గడ్డం పట్టుకుని ఆపుకున్నాను. మూడో వారానికి మాత్ర కూడా రెండు ముక్కలు చేస్తేగాని లోపలికి పోలేదు. పొద్దున్నే చెవి ముందు కీలు మండేది. మండుతుంటే సంతోషంగా ఉండేది. ఆ సంతోషం చూసి నాకే భయమేసేది.

"పదకొండు. పదకొండు. పదకొండు."

"పుల్లలు మానలేదుగా?" అంది ఫారాల అమ్మాయి.

"లేదమ్మా," అంది మా ఆవిడ నేలకేసి చూస్తూ.

సగంమందికి ఆపరేషన్, సగంమందికి వ్యాయామం, ఎవరికేదో కంప్యూటరు చీటీ తీస్తుందని ఆ అమ్మాయి మొదటిరోజే చదివి వినిపించింది. ఇవాళ మళ్ళీ చదివింది. రెండుసార్లూ మా చెవిన పడింది ఆపరేషన్ ఒక్కటే. సంతకం పెట్టాను. ఆ అమ్మాయి కంప్యూటరు మీట నొక్కి, తెరకేసి చూసింది.

"మీకు వ్యాయామం వచ్చింది బాబాయ్‌గారూ. ఏడాదిపాటు, రోజుకి నాలుగుసార్లు. ఆ తర్వాత ఆపరేషన్ సంగతి డాక్టర్లు ఆలోచిస్తారు."

బల్ల మీద ఒక పొట్లం, ఒక చిన్న పుస్తకం పెట్టింది. మా ఆవిడ పొట్లం తిప్పి తిప్పి చూసింది.

"ఇవి మా ఇంట్లో ఉన్న పుల్లలేగా అమ్మా?"

"అవే పిన్నిగారూ. ఇవి సీలు వేసినవి."

బయటికొచ్చి బెంచీ మీద కూర్చున్నాం. పుస్తకం మొదటి పేజీలో ఇవాళ ఎన్ని పట్టాయో రాయాలట. మా ఆవిడ సీలు చింపి ఒక్కొక్కటే పెట్టింది. ఆరు పట్టాయి. ఏడోది పళ్ళ దగ్గరే నిలబడిపోయింది.

"ఇంకొంచెం తెరవండి."

తెరిచాను. తెరిచాననుకున్నాను.

"ఎనిమిదికి రావడానికి ఎన్నాళ్ళు పట్టిందండీ మనకి?"

నోట్లో పుల్లలున్నాయి. రెండు వేళ్ళు చూపించాను.

ఆవిడ పుస్తకంలో ఆరు అని రాసింది. కొట్టేసి, ఏడోది ఇంకోసారి తోసి చూసి, మళ్ళీ ఆరే రాసింది.