వదిన ప్యాంటుకి వేసిన కుట్టు

మనిషిని చూడగానే కొలతలు చెప్పేయగలగడం గొప్ప విద్యే. కానీ ఆ విద్య వచ్చినవాళ్ళు అద్దం ముందు మాత్రం నిలబడకూడదు. టేపుకి ఆ అదృష్టం లేదు. ఆమె కుట్టు దుకాణంలో నిలువెత్తు అద్దం ఉంది, పొద్దస్తమానం దాని ముందే పని. మెడలో కొలత టేపు ఎప్పుడూ వేలాడుతూనే ఉంటుంది గనక ఆ వీధిలో ఆమెని అందరూ టేపు అనే పిలుస్తారు. కింద దుకాణం, పైన ఇల్లు. ఇంట్లో అన్నయ్య, వదిన, తను.

మారథాన్ పరిగెడదామన్న ఆలోచన వదినది. వదిన సిటీ బస్సు డ్రైవరు. రోజంతా సీట్లో కూర్చుని కాళ్ళు మొద్దుబారిపోతున్నాయని, పార్కులో పరుగు నేర్పే మాస్టారి దగ్గరికి వెళ్ళి తన పేరుతో పాటు ఆడపడుచు పేరు కూడా ఇచ్చేసి వచ్చింది. "నీదీ కూర్చునే పనేగా, పద," అంది. వదిన పద అన్నాక టేపు కాదనడం ఆ ఇంట్లో ఎన్నడూ లేదు. దుకాణం పెట్టుకోమని వెంటపడి పెట్టించిందీ ఆవిడే, మొదటి బోర్డు తన చేత్తో రంగులేసి రాసిందీ ఆవిడే.

మాస్టారు ఒకప్పుడు బడిలో డ్రిల్లు చెప్పినాయన. రిటైరైనా ఆ గొంతు రిటైరవలేదు. తెల్లవారుజామున పరుగు, సాయంత్రాలు ఆయన ఇంటి వెనక రేకుల షెడ్డులో బరువులు. ఇసుక బస్తా వీపు మీద మోపి గుంజీళ్ళు తీయించేవాడు. పరిగెత్తడానికి వచ్చినవాళ్ళకి ఈ గుంజీళ్ళ గోలేమిటని ఎవరైనా సణిగితే, "కాలికి కండ లేకపోతే దెబ్బంతా ఎముకకే తగులుతుంది, తర్వాత నన్ననకండి," అనేవాడు. ఆయన దగ్గర ఇంకో చట్టం కూడా ఉంది. "నా దగ్గర బరువులెత్తేవాళ్ళు తూకం మిషన్ ఎక్కకూడదు. కండ పడితే ముల్లు పైకే పోతుంది, మీరు బెంబేలెత్తిపోతారు. మీ బట్టల్ని అడగండి. లావయ్యారో సన్నబడ్డారో అవే చెప్తాయి."

వదిన ఆ మాటని మనసా వాచా పట్టుకుంది. ఇంట్లో ఉన్న తూకం మిషన్ని ఎవరికో ఇచ్చేసింది. ఆవిడకున్న రెండు యూనిఫాం ప్యాంట్లలో ఒకటి మోకాలి దగ్గర చిరిగి మూలపడింది, మిగిలిన నల్ల ప్యాంటే ఆనాటి నుంచి ఆవిడకి తూకం. రోజూ డ్యూటీకి వెళ్ళే ముందు గుండీ పెట్టుకుని, నడుము పట్టీలోకి రెండు వేళ్ళు దోపి చూసుకునేది. "ఆఁ, బాగానే ఉన్నాం," అనుకుని తాళాలు గలగలలాడించుకుంటూ మెట్లు దిగేది.

నెలలు గడిచాయి. ఇద్దరూ తిన్నది ఒకే తిండి, పరిగెత్తింది ఒకే దారి, మోసింది ఒకే బస్తా. కానీ ఒళ్ళు ఎవరి మాటా వినదు కదా. వదిన సన్నగా, పొడుగ్గా, తీగలా తయారైంది. టేపుకి తొడలు దిట్టంగా అయ్యాయి, భుజాలు వెడల్పయ్యాయి, తను కుట్టుకున్న చొక్కాలే చంకల దగ్గర పట్టేయసాగాయి. బస్తా మోయడంలో షెడ్డు మొత్తానికి ఆమే ముందు, అది నిజం. మాస్టారు మెచ్చుకునేవాడు కూడా. ఆ మెచ్చుకోలు ఆమెకి ఎక్కేది కాదు. ఆమె పరుగు మొదలుపెట్టింది బస్తాలు మోయడానికా?

ఒకరోజు బడి ప్రిన్సిపాలమ్మ కోటు కొలతలకి వచ్చింది. అద్దంలో తనని తాను చూసుకోవడం మానేసి టేపుని ఎగాదిగా చూసింది.

"పరిగెడుతున్నావని విన్నానమ్మా. మీ వదినకైతే బాగా పట్టింది. నీకేమిటి, మగాళ్ళ భుజాలొచ్చేస్తున్నాయి? ఆ బరువులు మానెయ్యరాదూ?"

నోటినిండా గుండుసూదులు ఉండబట్టి సరిపోయింది, లేకపోతే టేపు ఏదో ఒకటి అనేసేదే. సూదులు పళ్ళతో బిగించి నవ్వింది. ఆవిడ వెళ్ళిపోయాక కూడా ఒళ్ళు మండుతూనే ఉంది.

ఖర్మకొద్దీ వదిన సరిగ్గా అప్పుడే దిగింది, చేతిలో ఆ నల్ల ప్యాంటు పట్టుకుని. కాలి అంచు ఊడిందట. ఇచ్చేసి వెళ్ళిపోవచ్చు కదా. అద్దం ముందు ఆగి, ఇటు తిరిగి అటు తిరిగి, "ఏమే టేపూ, నలభై దాటినదాన్నంటే ఎవరైనా నమ్ముతారా?" అని పకపకా నవ్వి పైకెక్కింది. అందులో వేళాకోళం తప్ప ఇంకేమీ లేదు. అంత తెలిసీ టేపుకి అరికాలి మంట నెత్తికెక్కింది.

అంచు కుట్టేసింది. తర్వాత ప్యాంటుని తిరగేసి, నడుము వెనక కుట్టు విప్పి, వేలి మందం లోపలికి పట్టి మళ్ళీ కుట్టింది. నల్లబట్ట మీద నల్లదారం. ఇస్త్రీ చేసి మడతపెట్టి పైకి పంపింది. తెల్లారేసరికి వదిన గుండీ పట్టక కాసేపు గింజుకుంటుంది, అంతే అనుకుంది. "ఇంత బిగుతుగా కుట్టావేమే" అని తిడుతూ కిందకొస్తుంది, "అయ్యో, పొరపాటున పడింది వదినా" అని విప్పేయొచ్చు.

లోకంలో ఎవరైనా బట్ట బిగుతైతే దర్జీని తిడతారు. అది టేపు రోజూ పడే తిట్టే. వదిన మాత్రం దర్జీని తిట్టలేదు. ఊపిరి బిగబట్టి గుండీ పెట్టుకుని, అద్దంలో తన నడుముని చూసుకుని, దాన్నే తిట్టుకుంది.

"చూశావా, బలిసిపోతున్నాను. ఆ ఇసుక బస్తా ఉందే, అదంతా నడుముకే పోతోంది," అంది.

కుట్టులో తప్పుందేమో అన్న అనుమానం ఆవిడకి రాలేదు. ఆడపడుచు చేతి కుట్టు కదా. సిద్ధం చేసుకున్న పొరపాటు మాట టేపు దాచేసుకుంది.

ఆ రోజు నుంచి వదిన షెడ్డుకి రావడం మానేసింది. పరుగు ఒక్కటే, అదీ మునుపటి కంటే ఎక్కువ. రాత్రి భోజనానికి పిలిస్తే డిపోలో తిన్నానంటుంది. పొద్దున్న ఉడికించిన గుడ్లు అన్నయ్య పళ్ళెంలోకి జారుకునేవి. నిజం చెప్పాలంటే మొదటి ఒకటి రెండు రోజులు టేపుకి లోలోపల కాస్త చల్లగానే ఉంది. ఆ చల్లదనం గుర్తొస్తే తర్వాత తర్వాత ఆమెకి తన మీద తనకే కంపరం పుట్టేది. డిపో నుంచి వచ్చి మెట్లెక్కుతూ మధ్యలో ఆగి గోడ పట్టుకున్న వదినని చూసిన సాయంత్రం ఆ చల్లదనం కాస్తా ఆవిరైపోయింది.

అప్పుడైనా చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు. చెబితే ముఖం ఎలా చూపించాలి? తప్పు తను చేసింది కుట్టుతో, కుట్టుతోనే దిద్దేద్దామనుకుంది. తేలు కుట్టిన దొంగలా డాబా ఎక్కి, ఆరేసిన ప్యాంటు దింపి, వేసిన కుట్టు విప్పి, పాత గీత మీదే మళ్ళీ కుట్టి యథాస్థానంలో ఆరేసింది. హమ్మయ్య అనుకుని నిద్రపోయింది కూడా.

మర్నాడు పొద్దున్నే వదిన కేక వినిపించి ఉలిక్కిపడి లేచింది.

"ఏమే, ఇలా రా! చూడు, చూడు!" ప్యాంటు నడుము పట్టీలోకి అరచెయ్యి దోపి చూపిస్తోంది వదిన. కళ్ళు లోపలికి పోయాయి గానీ వాటిలో వెలుగు చూడాలి. "కడుపు కాస్త కట్టుకునేసరికి ఎలా దిగిపోయిందో! నేను చెప్పలా? ఇదే పట్టాలి. ఇంకొంచెం తగ్గిస్తే ఈకలా పరిగెత్తేస్తాను."

"చాలు వదినా, ఇక తిను. మాస్టారు కూడా తినమంటున్నారుగా," అంది టేపు.

"మాస్టారే అన్నాడు బట్టల్ని అడగమని. అడిగాను, చెప్పాయి. నువ్వు కూడా తగ్గించవే, నీ చొక్కాలు పిగిలిపోతున్నాయి," అని టేపు భుజం మీద ఆప్యాయంగా చరిచింది.

ఆ చరుపు టేపుకి చెంపదెబ్బకన్నా ఎక్కువ తగిలింది. బిగించినప్పుడు ఒక పాపం, వదులు చేసినప్పుడు దానికి రెట్టింపు. ఇప్పుడు ఏం కుట్టినా తప్పే. పరుగులో వదిన వెనకే ఉండి, ఆవిడ కాళ్ళు తడబడినప్పుడల్లా తన గుండె తడబడుతుంటే, రేపు చెబుతాను, రేపు చెబుతాను అనుకుంటూ వారాల తరబడి పరిగెత్తింది. సంచిలో అరటిపళ్ళు మోసుకెళ్ళింది. వదిన వాటిని తోటివాళ్ళకి పంచిపెట్టింది.

మారథాన్‌కి ముందు ఆఖరి దూరపు పరుగులో, ఊరి చివర వంతెన దిగుతూ వదిన కుప్పకూలిపోయింది. మాస్టారు నోట్లో చక్కెర వేశాడు, తలకింద తన తువ్వాలు పెట్టాడు. ఆయన గొంతు అంత చిన్నదిగా పలకడం టేపు ఎప్పుడూ వినలేదు. ఆసుపత్రిలో డాక్టరమ్మ కాలి ఎముకలో సన్నని పగులుందని చెప్పింది. తిండి లేక ఎముక బలహీనపడిందట, బరువులు మానేసి పరుగు పెంచడంతో భారమంతా దాని మీదే పడిందట. మారథాన్ లేదు, బస్సు లేదు. "కడుపునిండా తింటేనే అతుక్కుంటుంది. తినకపోతే ఈ కాలు ఇంతే," అని కచ్చితంగా చెప్పేసింది. బస్సు నిండా జనం ఉండగా అలా కళ్ళు తిరిగి ఉంటే? ఆ ఆలోచనతోనే టేపు వరండాలోకి వచ్చింది.

"నువ్వు పక్కన ఉన్నావు కదా అని ధైర్యంగా ఉన్నానే," అన్నాడు అన్నయ్య. నిందించడానికి కాదు, మామూలుగానే అన్నాడు.

ఇంటికొచ్చాక వదిన పళ్ళెం ముట్టుకోలేదు. సూప్ తెస్తే రెండు చెంచాలు తాగి పక్కన పెట్టింది. అన్నయ్య బతిమాలాడు, అరిచాడు, అలిగాడు. "కదలకుండా పడుకుని తింటే ఏమవుతానో నాకు తెలీదా? మొన్నామధ్య ఒక్కసారిగా ఎలా ఊరిపోయానో ఆ ప్యాంటే చెప్పింది," అని వదిన గోడవైపు తిరిగింది.

టేపు ఇంక ఆగలేకపోయింది. అన్నయ్య పనికి వెళ్ళేదాకా ఆగి, ప్యాంటు పట్టుకుని వదిన మంచం దగ్గరికి వెళ్ళింది. ప్యాంటు తిరగేసి, నడుము వెనక భాగం కిటికీ వెలుగుకి అడ్డంగా పట్టుకుంది.

"చూడు వదినా."

"ఏం చూడాలి?"

"కుట్టు పక్కనే వరసగా చిన్న చిన్న చిల్లులు కనిపిస్తున్నాయా? అక్కడ ఇంకో కుట్టు ఉండేది. అంచు కుట్టమని ఇచ్చినప్పుడు నేనే వేశాను. లోపలికి పట్టేసి బిగించాను. తర్వాత నువ్వు తినడం మానేశావని భయమేసి, డాబా మీద నుంచి తీసుకెళ్ళి విప్పేశాను."

వదిన ప్యాంటు అందుకుంది. వెలుగుకి పట్టి ఆ చిల్లుల మీద వేలు రాసింది. తిడితే బావుండునని టేపు ఎదురుచూసింది.

"అయితే అప్పుడు నేను లావవలేదా?"

"లేదు వదినా."

"మరి ఆ తర్వాత తగ్గింది?"

"అది నేను కుట్టు విప్పడమే."

వదిన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "నా కడుపు మాడ్చుకున్నానే. ఆకలితో బస్సు నడిపానే, గేరు మార్చడానికి చెయ్యి లేచేది కాదు." ప్యాంటు పక్కకి విసిరేసింది. "ఎందుకే? నేనేం చేశాను నిన్ను?"

"ఏం చెయ్యలేదు. నువ్వు బాగున్నావు. అద్దంలో నా పక్కన నువ్వు చాలా బాగున్నావు, నాకది కడుపుమంటైంది."

"బాగున్నానా?" వదిన ఆమెకేసి తేరిపార చూసింది. "ఆ మాట ఎప్పుడైనా నాతో అన్నావా? ఒక్కసారంటే ఒక్కసారి? అద్దం ముందు నిలబడి నేను నిన్నడిగింది అదేగా."

టేపు ఏడుస్తూ నిలబడింది.

"ఆ పళ్ళెం ఇటు పెట్టు," అంది వదిన. పెట్టగానే లాక్కుని తినసాగింది. కన్నీళ్ళు తుడుచుకోకుండా, ముద్ద ముద్దకీ కోపం నములుతూ, టేపు వైపు చూడకుండా తింది.

"నేను మారథాన్‌కి వెళ్ళను వదినా."

"వెళ్ళకపోతే నీకు హాయిగా ఉంటుంది. శిక్ష అనుభవించేశానని పడుకుంటావు. ఆ హాయి నేనివ్వను. పరిగెత్తు."

పరిగెత్తింది. బస్తాలు మోసిన తొడలే ఆమెని ఆ దారంతా మోశాయి. ఆఖరి మలుపులో చంకకర్రల మీద వదిన నిలబడి ఉంది, పక్కన నీళ్ళ సీసాతో అన్నయ్య. "భుజాలు దించవే టేపూ, మూపురంలా ఏమిటది!" అని అరిచింది వదిన. ఆ అరుపు ఎప్పటిలాంటి అరుపే. క్షమించేసిందనుకుని టేపు నవ్వుతూ ఏడుస్తూ గీత దాటింది.

కాలు అతుక్కుంది. వదిన ఒళ్ళు నిండింది, ముఖం తేటబడింది, మళ్ళీ డ్యూటీలో చేరే రోజు వచ్చింది. ఇప్పుడు ఆ ప్యాంటు నిజంగానే పట్టదు. వదులు చేయమని వదిన కిందకి తెస్తుందని టేపు ఎదురుచూసింది. నల్లదారం ఉండ మిషన్ మీద సిద్ధంగా పెట్టుకుంది, ఈసారి వదిన కళ్ళెదుటే కుడదామని. రోజూ కబుర్లు, వేళాకోళాలు మామూలే. ప్యాంటు మాత్రం రాలేదు.

ఒక సాయంత్రం మబ్బు పట్టింది. బట్టలు తీయడానికి టేపు డాబా ఎక్కింది. తీగ మీద వదిన ప్యాంటు వేలాడుతోంది, నడుము దగ్గర వదులు చేసి ఉంది. కుట్టు చూడగానే చెయ్యి ఎవరిదో తెలిసిపోయింది. పక్క వీధి దర్జీది. నల్లబట్ట మీద బూడిదరంగు దారం, వంకర గీత, చివర ముడి కూడా సరిగ్గా పడలేదు. నాలుగు ఉతుకులకి ఊడిపోతుంది. విప్పి సరిచేయడానికి టేపు వేళ్ళు దురదపెట్టాయి.

"ఏమే టేపూ, చినుకులు పడుతున్నాయి, బట్టలు తెస్తున్నావా?" కింద నుంచి వదిన పిలిచింది.

"తెస్తున్నా వదినా," అంది. ప్యాంటుని తీగ మీద నుంచి తీసి, ఆ కుట్టుకి వేలు తగలకుండా మడతపెట్టి, మిగతా బట్టల మీద పెట్టుకుని మెట్లు దిగింది.