నిద్రపోయే పేజీ

వార్డులో తీరిక అంతా ఒక్కసారి దొరకదు, ముక్కలు ముక్కలుగా దొరుకుతుంది. నర్సు ఆ ముక్కల్లోనే వార్డు కంప్యూటర్‌లో తన బదిలీ దరఖాస్తు నింపుకుంటోంది. ఒకరికి సెలైన్ మార్చి రెండు వాక్యాలు, ఇంకొకరికి మాత్రలిచ్చి మరో రెండు. భర్తా, కూతురూ వేరే ఊళ్లో ఉండబట్టి నాలుగేళ్లు. ఈ బదిలీ వస్తే రోజూ ఇంటికి వెళ్లొచ్చు. గడువు ఇవాళ సాయంత్రం ఐదింటికి. తప్పితే మళ్లీ ఏడాదికే.

ఇప్పటికి రెండుసార్లు రాసింది. రెండుసార్లూ పేషెంట్ల దగ్గరికి వెళ్లొచ్చేసరికి రాసిందంతా గాలికి పోయింది. "మీ కంప్యూటర్ వేగం కోసం ఈ పేజీని నిద్రపుచ్చాం" అని పైన ఓ ముక్క! ఎవరడిగారు వేగం? నిన్నటిదాకా బుద్ధిగా ఉన్న బ్రౌజర్‌కి కొత్తగా ఈ రోగం అంటించారు. వీళ్ల తెలివి తెల్లారినట్టే ఉంది. ఆమెకు ప్రాణం విసిగిపోయింది.

ఆ బ్రౌజర్ తయారుచేసే చోటే ఆమె తమ్ముడి ఉద్యోగం. ఫోన్ చేసింది.

"ఒరేయ్, ఈ నిద్ర ఆపే మీట ఎక్కడుందిరా? చెప్పు, నీకు పుణ్యముంటుంది."

"లేదక్కా. పెడదామన్నారు, నేనే వద్దన్నా. మీటలెక్కువైతే జనం తికమకపడతారని. పది నిమిషాలు ముట్టుకోని పేజీని మర్చిపోయినట్టే లెక్క."

"నా కొంప ముంచావు కదరా!"

"ఈసారి మధ్యలో లేవకుండా రాసెయ్యక్కా. నీకు దణ్ణం పెడతా."

మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టింది. వేళ్లు లాగుతున్నాయి. నాలుగూ నలభై అయింది. చివరి పేజీ సగంలో ఉండగా, కిటికీ పక్క మంచం మీది ముసలాయన గొంతు పట్టుకుని ఎగశ్వాస తీయడం కనిపించింది. ఒక్కసారి తెర వంక చూసింది. లేచి పరుగెత్తింది. ఆక్సిజన్ పెట్టి, డాక్టర్‌ని పిలిచి, ఆయన ఊపిరి కుదుటపడేదాకా పక్కనే నిలబడింది.

తిరిగొచ్చేసరికి ఐదూ పది. గడువు ముగిసిందని రాసి ఉంది. అంతలో తమ్ముడి ఫోన్.

"పంపేశావా అక్కా?"

"లేదురా."

"అయ్యో! లేవద్దన్నాను కదా, ఎందుకు లేచావు?"

"పేషెంట్‌కి ఊపిరాడలేదురా. బతికాడు."

"రేపే చెప్తానక్కా మావాళ్లకి. ఆ మీట పెట్టిస్తా."

"పెట్టించు. మేనమామవి కదా, పాపకి కూడా నువ్వే చెప్పు, అమ్మ ఈ ఏడాది కూడా రాదని. నాకు నోరు రావట్లేదు."