ఐస్‌లాండ్ నుంచి వచ్చిన చిజురు

హమసాకి చిజురు రెండుసార్లు తప్పింది ఒక్క పరీక్షే. అందులో చేయవలసిందల్లా నిలబడి మూడు నిమిషాలు తన గురించి తాను చెప్పుకోవడం.

లెక్కల్లో, చరిత్రలో ఆమెకి వంక పెట్టడానికి లేదు. నోటి దగ్గరికొచ్చేసరికే చిక్కు. విశ్వవిద్యాలయానికి వచ్చిన కొత్తలో "నాను కజెహామా నుంచొచ్చినానండి" అని మొదలుపెట్టింది. వెనక వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు. పెద్ద నవ్వేం కాదు, తుమ్ము ఆపుకున్నంత. అంతే, చిజురు నోరు మూతపడింది. ఆ మరుసటేడు మూడు నిమిషాలూ గడియారం వంక చూస్తూ నిలబడి, సరిగ్గా మూడో నిమిషం పూర్తి కాగానే వంగి నమస్కరించి కూర్చుంది. మాష్టారు కాగితం మీద "సమయపాలన బాగుంది" అని రాసి తప్పించారు.

మూడోసారి కూడా తప్పితే పేరు కొట్టేస్తారు. అప్పుడు బస్సెక్కి రెండు గంటలు సముద్రం ఒడ్డునే వెళ్ళి, కజెహామాలో దిగి, అత్త దగ్గర చేపలు ఎండేసుకోవాలి. తల్లీ తండ్రీ లేని పిల్లని పెంచిన అత్త ముందే అంది, "మాటాడ్డం రాని పిల్లకి సదువెందుకే? సేపలకైతే మాటలక్కర్లేదు" అని. అత్తకి కోపం లేదు. ఉన్నమాట అంది.

అక్టోబరు మొదటి వారంలో నుకాగా గారు ఆమెని పిలిపించారు. ఆయన విదేశీ విద్యార్థుల ఆఫీసులో ఇరవై ఆరేళ్ళుగా గుమాస్తా. బల్ల మీద పెన్సిళ్ళన్నీ పొడవు ప్రకారం పేర్చుకునే మనిషి.

"హమసాకి-సాన్, మీకో కష్టం ఉంది. నాకో కష్టం ఉంది. రెండూ కలిపితే కష్టం ఉండదు" అన్నారాయన.

చిజురు నేల చూసింది.

"విదేశీ విద్యార్థులకి జపనీస్ తరగతి పెట్టాలంటే ఐదుగురు ఉండాలి. నలుగురే వచ్చారు. నలుగురుంటే నిబంధనల ప్రకారం అది తరగతి కాదు, పిచ్చాపాటీ. పిచ్చాపాటీకి మార్కులివ్వడం కుదరదు. వాళ్ళ నలుగురి ఏడాదీ గంగపాలు."

నుకాగా గారు ఒక పెన్సిలు వరసలోకి జరిపారు.

"ఆ తరగతి ఆఖరి పరీక్ష ఏంటో తెలుసా? నిలబడి మూడు నిమిషాలు తన గురించి తాను చెప్పుకోవడం. మీరు తప్పిన పరీక్షా అదే. రెండిటికీ పరీక్షల పుస్తకంలో నంబరు కూడా ఒకటే. ఇక్కడ గట్టెక్కితే అక్కడ గట్టెక్కినట్టే. మీరు ఐదో మనిషిగా కూర్చోండి."

"నేను... ఇక్కడిదాన్ని కదండీ" అంది చిజురు, ఆయన చెవి ముందుకు చాస్తే గాని వినపడనంత నెమ్మదిగా.

"అది చిన్న విషయం" అని నుకాగా గారు కంప్యూటర్ తిప్పి చూపించారు. "దేశం అనే గడి ఖాళీగా వదిలేద్దామనుకున్నాను. కంప్యూటర్ ఒప్పుకోలేదు. జాబితాలో మొదటి దేశం అదే వచ్చి కూర్చుంది."

జపనీస్ అక్షరమాల వరసలో మొదటి దేశం ఐస్‌లాండ్.

"మార్చచ్చు గానీ, మార్చాలంటే ముగ్గురి ముద్రలు కావాలి. పైగా అందులో ఒకాయన పోయాడు" అన్నారు నుకాగా గారు. "ఒక్క మాట గుర్తుపెట్టుకోండి. మీకు జపనీస్ వచ్చని తేలిందా, తరగతి రద్దు. మీతోపాటు ఆ నలుగురూ మునిగిపోతారు."

అలా చిజురు ఐస్‌లాండ్ అమ్మాయి అయింది.

తరగతి చెప్పేది ఓగినో సెన్సేయ్. అరవై దాటిన మనిషి. రేడియోలో వార్తలు చదివినట్టు ఒక్కో అక్షరం తుడిచి బయట పెట్టేది. చిజురు మెడలోని పేరు పలక చూసి, "మీ దేశంలోనూ చిజురు అనే పేరుందా! ప్రపంచం ఎంత చిన్నది!" అంది. ఆపైన ఇంకేమీ అడగలేదు. ఎదుటివాళ్ళని ఇబ్బంది పెట్టే ప్రశ్న అడగకపోవడం మర్యాద. ఆ మర్యాద పుణ్యమా అని చిజురు మొదటిరోజు బతికి బయటపడింది.

మిగతా నలుగురిలో క్వాబేనా ఘానా నుంచి వచ్చాడు. గది తలుపు ఎప్పుడూ తల వంచి దాటవలసినంత పొడుగు. ఇల్దికోది హంగేరీ, ఏ పనైనా ఇలా కాదు అలా అని సరిచేసే పిల్ల. ఇంకో ఇద్దరు మంగోలియా కవలలు. వాళ్ళు దేనికైనా ఒకేసారి జవాబు చెప్పేవాళ్ళు, అది తప్పైనా ఒకేసారే చెప్పేవాళ్ళు.

మొదటి వారం పరీక్ష పెట్టారు. "ఇది కలమా?" "కాదు, అది గొడుగు." ఈ రకంగా యాభై ప్రశ్నలు. సాయంత్రం నుకాగా గారు కంగారుగా పిలిపించారు.

"నూటికి నూరా! ఏంటండీ ఇది? మొన్న దిగిన మనిషికి నూరొస్తాయా?"

"పొరపాటైపోయిందండీ."

"పొరపాట్లు చేయలేకపోవడమే మీ పొరపాటు. అరవై దాటాలి, డెబ్బై దాటకూడదు."

తప్పు చేయడం అంత తేలిక కాదని చిజురుకి అప్పుడే తెలిసింది. గొడుగుని చూసి గొడుగు కాదని రాయడానికి చెయ్యి రాదు. రాత్రంతా కూర్చుని తప్పులు బట్టీపట్టింది. రెండో పరీక్షలో ఎక్కువ పట్టేసిందేమో, పద్దెనిమిది వచ్చాయి.

ఆ పద్దెనిమిది చూసి మిగతా నలుగురి గుండెలూ కరిగిపోయాయి.

"పాపం, నూరు నుంచి పద్దెనిమిదికి పడిపోయింది. ఇంటి మీద బెంగ" అంది ఇల్దికో.

"బెంగ, బెంగ" అన్నారు కవలలు.

మర్నాటి నుంచి మధ్యాహ్నం భోజనాల దగ్గర చిజురుకి జపనీస్ నేర్పడం మొదలైంది. క్వాబేనా ఎదురుగా కూర్చుని చెంచా ఎత్తి పట్టుకునేవాడు.

"చిజురు-సాన్, చెప్పు. ఇది చెంచా."

"ఇది... చెంచా."

"వినపడలేదు. ఘానాకి వినపడాలి."

"ఇది చెంచా."

"కడుపులోంచి, తల్లీ, కడుపులోంచి! తప్పొస్తే ఆకాశం ఊడి పడదు. నేను నిన్న దుకాణంలో గుడ్లు అడగబోయి పోలీసుల్ని అడిగాను. ఏమైంది? ఇంకా పొడుగ్గానే ఉన్నాను కదా!"

"ఇది చెంచా!" అని అరిచింది చిజురు. చుట్టుపక్కల తింటున్న వంద మందీ తలతిప్పి చూశారు. ఎవరూ నవ్వలేదు. పరాయి దేశం పిల్ల నేర్చుకుంటోందని ఇద్దరు ముగ్గురు మెచ్చుకోలుగా తలూపారు కూడా.

ఇల్దికో అయితే చిజురు అన్నం తినే పుల్లలు పట్టుకోవడం చూసి నెత్తి కొట్టుకుంది. "అలా కాదు, చూపుడువేలు పైన" అని వారం రోజులు సరిచేసింది. నిజానికి చిజురు చిన్నప్పటి నుంచీ తప్పుగానే పట్టుకునేది. కజెహామాలో ఎవరికీ పట్టలేదు. ఇరవయ్యో ఏట, బుడాపెస్ట్ పిల్ల చేతిలో ఆమెకి పుల్లలు పట్టుకోవడం వచ్చింది.

డిసెంబరు నాటికి చిజురుకి అరవై నాలుగు నిలకడగా వస్తున్నాయి. రోజుకి నాలుగు మాటలు ఘానాకి వినపడేంత గట్టిగా అంటోంది. ఐస్‌లాండ్ మనిషిగా ఉన్నంతసేపు ఆమెకి మాట ఆగిపోవడం లేదు. ఆ నలుగురినీ వదిలి మామూలు చిజురు కాగానే మళ్ళీ ఆగిపోయేది.

ఫిబ్రవరిలో పదిహేనో తరగతి. పద్నాలుగు చాలవు, పదహారు కూడదు, పదిహేనోది పరీక్ష. అందరూ తమ గురించీ తమ ఊరి గురించీ మూడు నిమిషాలు చెప్పి, తమ ఊరి తిండి ఒకటి తేవాలి. ఆ రోజే టోక్యో నుంచి తనిఖీకి కుసునోకి గారు దిగారు. ఐదేళ్ళకోసారి వచ్చే మనిషి. బయట గాలికి మంచు అడ్డంగా కురుస్తోంది.

కుసునోకి గారు పేరు పలకలన్నీ చూస్తూ వచ్చి చిజురు దగ్గర ఆగారు.

"ఐస్‌లాండా! ముప్పై ఏళ్ళ కిందట నేనక్కడ ఎనిమిది రోజులున్నాను."

గది మూల నుకాగా గారి చేతిలోంచి పెన్సిలు జారి కింద పడింది. ఎవరూ తీయలేదు.

క్వాబేనా చెప్పాడు, పల్లీల కూర పెట్టాడు. ఇల్దికో చెప్పింది, గసగసాల రొట్టె పెట్టింది. కవలలు మూడు నిమిషాలూ గొంతు కలిపి చెప్పారు, ఎండబెట్టిన పాల బిళ్ళలు పెట్టారు. చిజురు వంతు వచ్చింది.

ఆమె దగ్గర ఒక కాగితం ఉంది. అందులో ఐస్‌లాండ్ గురించి పన్నెండు వాక్యాలు, వాటిలో బాగా ఎంచి పెట్టిన ఐదు తప్పులు. నిలబడింది. కుసునోకి గారి కళ్ళజోడు వంక చూసింది. ఆ దేశం చూసొచ్చిన మనిషి ముందు ఆ పన్నెండూ అబద్ధాలే. కాగితం మడిచేసింది. గడియారం చప్పుడు మొదలైంది. ఒక నిమిషం గడిచింది. పోయినేడూ ఇలాగే గడిచింది.

క్వాబేనా చెంచా ఎత్తి పట్టుకున్నాడు.

చిజురు కడుపు నిండా గాలి పీల్చింది.

"మాయూల్లో గాలి ఆగదండి" అంది. "మాయత్త సేపల్ని తాడుకేసి ఏలాడదీస్తాది. గాలొచ్చిందంటే అన్నీ ఒక్కసారే తోకలూపుతాయి. సిన్నప్పుడు అవి నాతో మాటాడతన్నాయనుకునీదాన్ని. నానూ వాటికి జవాబు సెప్పీదాన్ని. ఇయ్యాల నా పక్క సేపేటి సెప్పిందో మాయత్తకొచ్చి సెప్పీదాన్ని. అత్త నవ్వీది గాదు, మరేటందే అని అడిగీది. సేపల్తో ఎంతైనా మాటాడగల్ను. మడుసులు నవ్వుతారని బయిం. అందుకే..."

కజెహామా యాస. తప్పులు వేయడం మరిచిపోయింది, ఒప్పులు వేయడమూ మరిచిపోయింది. వరద గేటు ఎత్తినట్టు వచ్చేస్తోంది. పోటుకి పడవ ఎలా ఒరిగిందో, అమ్మా నాన్నా ఎలా రాలేదో, ఆ రోజు చేపలు ఏమీ అనకుండా ఎలా వేలాడాయో అన్నీ చెప్పింది.

కవలలు ముక్కు చీదుకున్నారు. "తట్టుకోలేక వాళ్ళ భాషలోకి వెళ్ళిపోయింది" అని క్వాబేనా ఇల్దికో చెవిలో గుసగుసలాడాడు.

టోక్యో మనిషికీ ఒక్క ముక్క అర్థం కాలేదు. ఆయన నుకాగా గారి వైపు వంగారు. "ఇది ఏ భాష?"

"ఐస్..." అని నుకాగా గారు ఆగిపోయారు.

"నేను తర్జుమా చేస్తాను" అంది ఓగినో సెన్సేయ్. కళ్ళజోడు తీసి తుడుచుకుంటోంది. తర్వాత వార్తలు చదివే గొంతుతో, అత్తనీ చేపలనీ గాలినీ వదలకుండా ఒక్కో ముక్కా చెప్పింది.

"మీకు ఆ భాష వచ్చా సెన్సేయ్!" అన్నారు కుసునోకి గారు ఆశ్చర్యంగా.

"చిన్నప్పుడు నేర్చుకున్నాను. వాడక నలభై ఏళ్ళయింది."

చిజురు ఆమె వంక చూసింది. ఓగినో సెన్సేయ్ మాత్రం కిటికీ వంక చూస్తోంది.

కుసునోకి గారు పళ్ళెంలోని ఎండుచేప తుంచి నోట్లో వేసుకున్నారు. అత్త పంపిన చేప. ఆయన కళ్ళు మూసుకున్నారు.

"ఇదే. అచ్చం ఇదే. ముప్పై ఏళ్ళుగా వెతుకుతున్నాను, ఇలాంటి చేప మన దేశంలో ఎక్కడా దొరకదు."

"ధన్యవాదాలండీ" అంది చిజురు.

"ఆహా! మీ జపనీస్ ఎంత బాగుందండీ!" అన్నారు కుసునోకి గారు.

పుట్టి ఇరవై ఏళ్ళయింది. ఆ మాట ఆమెతో అన్న మొదటి మనిషి ఆయనే.

మార్కులు అరవై ఐదు వేశారు. కానీ పని అక్కడితో అయిపోలేదు.

"ఈ మార్కులు ఐస్‌లాండ్ చిజురు పుస్తకంలో ఉన్నాయి" అన్నారు నుకాగా గారు. "మీ పుస్తకంలోకి ఎక్కించాలంటే ముందు అక్కడ మీ పేరు కొట్టేయాలి. కొట్టేయాలంటే మీరు స్వదేశం వెళ్ళిపోవాలి. వెళ్ళినట్టు ఇంటివాళ్ళు ముద్ర వేయాలి."

"మా అత్త వేస్తుందండీ."

"అయితే శుక్రవారం వెళ్ళిపోండి. సోమవారం వచ్చేయండి."

విదేశీ విద్యార్థి వెళ్ళిపోతుంటే ఊరికే పంపకూడదు. శుక్రవారం మధ్యాహ్నం బస్సు దగ్గరికి అందరూ వచ్చారు. బట్టమీద 'మళ్ళీ రండి' అని రాసి పట్టుకున్నారు. ఇల్దికో మూడు జతల పుల్లలు బహుమతిగా ఇచ్చి, "అక్కడ మరిచిపోకు, చూపుడువేలు పైన" అంది. క్వాబేనా తన చెంచా ఇచ్చేసి వెక్కివెక్కి ఏడ్చాడు. సోమవారం భోజనాల దగ్గర కనిపిస్తానని చెబుదామనుకుంది చిజురు. నుకాగా గారు కళ్ళతోనే వద్దన్నారు.

బస్సు కదిలింది. అందరూ చేతులు ఊపారు. బస్సు కనుమరుగయ్యేదాకా ఊపాలి, అది పద్ధతి. కానీ బస్సు నలభై గజాలు పోయి ఎర్రదీపం దగ్గర ఆగిపోయింది. మంచు కురుస్తున్నా వాళ్ళు ఊపుతూనే ఉన్నారు. దీపం పచ్చబడింది, ముందున్న లారీ కదల్లేదు, మళ్ళీ ఎర్రబడింది. కవలలు చెయ్యి మార్చుకున్నారు. నుకాగా గారు నడుము వంచి నమస్కరించినవారు నమస్కరించినట్టే ఉన్నారు, ఆయన వీపు మీద మంచు పేరుకుంటోంది.

చిజురుకి ఇక చూడబుద్ధి కాలేదు. కిటికీ తోసి, తల బయట పెట్టి, కడుపు నిండా గాలి పీల్చింది.

"ఇంకెల్లండే! సలికి సత్తారు! సోమారం పొద్దున్నే వచ్చెత్తాను!"

రోడ్డు అవతల గొడుగులు కూడా ఆగి చూశాయి.

"పాపం, చివరిదాకా వాళ్ళ భాషలోనే" అన్నాడు క్వాబేనా కళ్ళు తుడుచుకుంటూ. "ఏమంటోంది సెన్సేయ్?"

ఓగినో సెన్సేయ్ అతనికి జవాబు చెప్పలేదు. రెండు చేతులూ నోటి చుట్టూ పెట్టుకుని, నలభై ఏళ్ళ నాటి గొంతు బయటికి తీసింది.

"వచ్చీటప్పుడు నాక్కూడా రెండు సేపలట్టుకు రాయే, పిల్లా!"