తెరమీద రెండే గడులు

మార్కెట్ యార్డు గేటు దగ్గర అంజనమ్మను తోసిన చెయ్యి కానిస్టేబుల్‌ది. ఆ తోపుకు కారణమైన చెయ్యి నాది. ఈ మాట ముందే చెప్పకపోతే తర్వాత నేను చెప్పేదేదీ మీరు నమ్మక్కర్లేదు.

రెండువేల నాలుగో సంవత్సరం, జూన్ నెల. మూడేళ్ల కరువు తర్వాత మా అనంతపురం మెట్ట పొలాల మీద ఒక ఆదివారం పెద్ద వాన పడింది. వేరుశనగ వేసేవాళ్లకు వాన ఒక్కటే చాలదు, ఆ తడి ఆరేలోగా విత్తనం నేలలో పడాలి. మావాళ్లు దాన్ని పదును అంటారు. అది మహా ఉంటే అయిదు రోజులు. మంగళవారం తెల్లారేసరికి సబ్సిడీ విత్తనాల కోసం మండలంలోని ఊళ్లన్నీ యార్డుకు చేరాయి. అంజనమ్మ రెండు ఖాళీ గోతాలు భుజాన వేసుకుని నాలుగు గంటలు వరుసలో నిలబడింది. ఆమె వంతు వచ్చేసరికి గుమాస్తా పాస్ పుస్తకం ముట్టుకోలేదు. ముందున్న కంప్యూటర్ జాబితాలో వేలుపెట్టి చూశాడు.

“నీ సర్వే నంబరు బంజరని ఉండాది. సర్కారు భూమి. నీకు ఇత్తనం రాదు, పో.”

“ఎట్ల రాదప్పా? సర్కారే పట్టా ఇచ్చింది. ముప్పై ఏండ్లుగా దున్నుకుంటాండా. నేను ఈడ ఉండా, నా భూమి ఆడ ఉండాది. నడుమ ఈ కంప్యూటర్ ఎవురు?”

వరుసలో వాళ్లు నవ్వారు. గుమాస్తాకు ఒళ్లు మండింది. కానిస్టేబుల్ వచ్చి ఆమె రెక్క పట్టుకుని పక్కకు తోశాడు. అంజనమ్మ గోతాలతో సహా బురదలో పడింది.

పది అడుగుల దూరంలో, కంప్యూటర్ల కంపెనీ షామియానా కింద, ఆ జాబితా తీసిన ప్రింటర్ పక్కన నేను కూర్చుని ఉన్నాను. అంజనమ్మ లేచి కానిస్టేబుల్ వైపు చూడలేదు. నా వైపు చూసింది. “హేమా, నువ్వన్నా చెప్పు పాపా” అంది. నేను తల వంచుకుని కాగితాలు సర్దుకున్నాను. సర్దడానికి అక్కడ ఏమీ లేదు.

మాది కళ్యాణదుర్గం దారిలో ఎర్రగుట్టపల్లి. మా నాయన శ్రీరంగప్పకు నాలుగెకరాల మెట్ట. ఊళ్లో డిగ్రీ చదివిన మొదటి ఆడపిల్లను నేను. అంతకు ఏడాది ముందు సర్కారు, ఒక ప్రైవేటు కంపెనీ కలిసి పల్లెపల్లెకూ కంప్యూటర్ తెస్తామని చెప్పి మా ఊళ్లోనూ ఒక కేంద్రం తెరిచాయి. గది సర్కారుది, కరెంటు సర్కారుది, కంప్యూటర్ కంపెనీది, జనం కట్టే రుసుమూ కంపెనీదే. మండలమంతటికీ ఆ కంపెనీ ఏజెంటు మా ఊరి నాగేశ్వర రెడ్డి. నూరెకరాలు, మూడు బోర్లు, రెండు లారీలు ఉన్న మనిషి. రిబ్బను కత్తిరించి, “ఇంగ మీరు ఆఫీసుల సుట్టూ తిరిగే పన్లేదు, ఆఫీసే మీ ఊరికొచ్చింది” అన్నాడు. అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది నేనే.

కంప్యూటర్‌ను తిట్టడానికి మీ ముందుకు రాలేదు నేను. పదో తరగతి ఫలితాలు మా పిల్లలు మొదటిసారి ఊళ్లోనే చూసుకున్నారు. ఆ రోజు గదంతా సంతలా ఉంది. ఆ సంతోషం నిజమే. అందుకే నాకు సిగ్గు.

తర్వాత భూముల లెక్కలు ఎక్కించే పని వచ్చింది. ఏ నంబరు భూమిలో ఆ ఏడు ఎవరు ఏం వేశారో రాసే అడంగల్ పుస్తకాలు నా ముందు పెట్టారు. కరువు మూడేళ్లూ విత్తనం వేయలేకపోయిన భూములకు ఎదురుగా ఊరి అధికారి ‘బీడు’ అని రాసి ఉంచాడు. మా సీమలో బీడంటే ఎవరూ లేని భూమి కాదు. సొంతదారు గట్టున నిలబడి మబ్బుకేసి చూస్తున్న భూమి. తెరమీద మాత్రం రెండే గడులున్నాయి: సాగు, బంజరు. శిక్షణలోనే నేను అడిగాను, బీడుకు ఏం నొక్కాలని. చల్లటి గదిలో కూర్చుని మాకు నేర్పే కంపెనీ మనిషి, “సాగు కాకపోతే బంజరే కదమ్మా, కానివ్వండి, గడువు దగ్గరపడింది” అన్నాడు. నేను మళ్లీ అడగలేదు. ఉద్యోగం ఖాయం కావాలంటే గడువులోగా ముగించాలి. ముగించాను. చురుకైన పిల్ల అని నాగేశ్వర రెడ్డి నలుగురిలో మెచ్చుకున్నాడు కూడా.

వానకు పది రోజుల ముందు కేంద్రానికి ఒక ఉత్తరం వచ్చింది. ప్రభుత్వ, ప్రైవేటు భాగస్వామ్యంలో రెండో దశట. పల్లె యువతకు కంప్యూటర్ నేర్పే పెద్ద శిక్షణాలయం కట్టడానికి గుట్టకింద అరవై ఎకరాల బంజరు కంపెనీకి ఇస్తున్నారట. ఆ అరవై ఎకరాలూ మాదిగ కాలనీలోని నలభై మూడు ఇళ్లవాళ్లవి, అంజనమ్మది కూడా అందులోనే. ఉత్తరం చేతిలో పట్టుకుని నేను చేసిన పని ఏమిటో అర్థం చేసుకున్నాను. అర్థమయ్యాక చేయాల్సిన పని మాత్రం చేయలేదు. ఆ మర్నాడే అంజనమ్మ కిటికీ దగ్గరకు వచ్చి, “నా కాగితం తియ్యి పాపా, ఏమో అనుకుంటాండారు” అంది. “కరెంటు లేదత్తా” అన్నాను. నా నెత్తిన ఫ్యాను తిరుగుతోంది. ఆమె ఒకసారి ఫ్యాను వైపు చూసి వెళ్లిపోయింది. ఆమె మా అమ్మతో కలిసి ఇరవై ఏళ్లు కలుపు తీసిన మనిషి. వాళ్ల చేలో పచ్చికాయలు పీక్కుతిని పెరిగినదాన్ని నేను.

యార్డులో జరిగింది చూశాక అన్నం సయించలేదు. ఆ సాయంత్రం కాలనీలో కూలీ సంఘం మీటింగు ఉందని తెలిసి వెళ్లాను. ధైర్యం వచ్చి వెళ్లలేదు. ఇంట్లో కూర్చోలేక వెళ్లాను.

అరుగుల మీదా నేల మీదా జనం కిక్కిరిసి ఉన్నారు. సంఘం నాయకుడు తిప్పన్న నడుమ నిలబడ్డాడు. ఒకప్పుడు గొర్రెలు కాసినవాడు, గొంతెత్తితే గుట్ట అవతలికి వినపడుతుంది. కాలనీలోనే ఉండే గంగక్క అతనితో గొడవ పడుతోంది.

“ఇంగా మాటలేంటికి తిప్పన్నా? పోయి ఆ డబ్బాను పగలగొడదాం రా.”

“పగలగొడితే ఇంగోటి తెస్తారు గంగక్కా. దాంట్లోనూ బంజరనే ఉంటాది. ఆ డబ్బా మీద నాకేం పగ లేదు. అది యాపక్కకు తిరిగి కూచుందో సూడండి. తెర వాళ్లకల్లా, ఈపు మనకల్లా. ముందు ఆ తెర మనకల్లా తిప్పాల. లోపల ఏం రాసినారో, ఎవురు రాసినారో తెలియాల.”

“నేనే రాసినాను” అన్నాను.

ఒక్కసారిగా తలలన్నీ తిరిగాయి. రెండు గడుల సంగతి, శిక్షణలో ఆ మనిషి అన్న మాట, కంపెనీ ఉత్తరం, అన్నీ చెప్పాను. ఏడుస్తూనే చెప్పాను. గంగక్క నా ఏడుపును లెక్కచేయలేదు.

“అదంతా సరే. మీ నాయన గూడా మూడేండ్లు ఇత్తనం ఎయ్యలేదే. ఆయప్ప భూమికి ఏం నొక్కినావు?”

ఈ ప్రశ్న వస్తుందని నాకు తెలుసు. రాకూడదని దారిపొడుగునా మొక్కుకుంటూ వచ్చాను.

“సాగు అని నొక్కినాను” అన్నాను.

అంజనమ్మ లేచి చీర దులుపుకుని బయటికి నడిచింది. ఆమె వెళ్లిన దారిలో మా నాయన నిలబడి ఉన్నాడు. నన్ను వెతుక్కుంటూ వచ్చి అంతా విన్నాడు. నా మొహం చూడకుండా వెనక్కి తిరిగాడు. తెలియక చేశానని ఇన్నాళ్లూ నాకు నేను చెప్పుకున్నాను. తెలియనిదాన్నైతే మా నాయన భూమికీ బంజరనే నొక్కేదాన్ని కదా.

తిప్పన్న నా దగ్గరకొచ్చి, “ఏడ్సేది తర్వాత. తాళంచెవి ఉండాదా?” అని అడిగాడు.

బుధవారం పొద్దున కేంద్రం తెరిచి, కంప్యూటర్ బల్లను కిటికీ వైపు తిప్పాం. ఊరంతా కిటికీ ముందు కూర్చుంది. నేను ఒక్కో నంబరు తీసి గట్టిగా చదివాను. బంజరు, బంజరు, బంజరు. నలభై మూడు ఇళ్లవాళ్లూ తమ భూమి పేరు నా నోటివెంట విన్నారు. ప్రతి నంబరుకూ ఒక మనిషి లేచి, “అది నాది” అన్నాడు. మధ్యాహ్నానికి ఈ కబురు చుట్టుపక్కల ఊళ్లకు పాకింది. అక్కడి కేంద్రాల్లోనూ జనం పట్టుబట్టి తెరలు తిప్పించారు. మా ఊరితో కలిపి పదకొండు ఊళ్లలో ఇదే కథ. ప్రతి ఊళ్లోనూ బోర్లున్న భూములు సాగు, మేఘం మీద ఆధారపడ్డ భూములు బంజరు.

మరి విత్తనం? పదును ఆరిపోతోంది. సాయంత్రం పైవీధి రైతుల దగ్గరకు సంఘం వెళ్లింది. విత్తనం దొరికినవాళ్లను కొంచెం అప్పివ్వమని తిప్పన్న అడిగాడు.

“మాకే చాలకుంటే వాళ్లకేంటికియ్యాల?” అన్నాడు సుబ్బన్న. ఆయన మా పక్క చేను రైతే, బోరు ఉండబట్టి ఆయన భూమి సాగులో పడింది.

“ఈ పొద్దు గుట్టకింద భూమి బంజరైంది. రేపు వాన రాక నీ బోరు ఎండితే నీది కాదా?” అని తిప్పన్న అడిగితే సుబ్బన్న మొహం తిప్పుకున్నాడు. వాదన చాలాసేపు నడిచింది. కులం మాటలూ వచ్చాయి, పాత కక్షలూ వచ్చాయి. అప్పుడు మా నాయన ఇంట్లోకి వెళ్లి విత్తనాల మూట భుజాన వేసుకొచ్చి అందరి నడుమ దించాడు. “సగం నాకు చాలు. నా కూతురు నొక్కిన దానికి నేను తలెత్తుకోలేకుండా ఉండా” అన్నాడు. కొందరు చాటతో తెచ్చారు, కొందరు తలుపు వేసుకున్నారు. సుబ్బన్న చివర్లో తెచ్చాడు, సణుక్కుంటూనే.

గురువారం రెండు పనులు ఒకేసారి జరగాలని సంఘం నిర్ణయించింది. ఎద్దులున్నవాళ్లు గొర్రులు కట్టి గుట్టకింద విత్తడం మొదలుపెట్టాలి. మిగిలినవాళ్లు మండలాఫీసుకు నడవాలి. పోలీసులు ఆఫీసు వదిలి పొలాలకు రాకుండా చూడాలి.

నాలుగు వందల మందిమి ఆఫీసు ఆవరణలో కూర్చున్నాం. ఎమ్మార్వో వరండాలోకి వచ్చి, తప్పులు దిద్దాలంటే పైనుంచి అనుమతి రావాలనీ, ఆరు నెలలు పడుతుందనీ చెప్పాడు. జనం గోల చేశారు. ఇంతలో నాగేశ్వర రెడ్డి జీపు దిగి, నన్ను పక్కకు పిలిచి ఒక కాగితం ఇచ్చాడు. అంతా ఆపరేటర్ హేమ అజాగ్రత్త వల్ల జరిగిందనీ, కంపెనీకి ఏ సంబంధమూ లేదనీ అందులో ఉంది.

“సంతకం పెట్టు పాపా. మన ఊరి అరవై ఎకరాలు రేపే దిద్దిస్తా. నీ మీద కేసు లేకుండా నేను సూసుకుంటా. తప్పు చేసినానని నువ్వే చెప్తాండావు కదా?”

నేను కలం తీసుకున్నాను. భయపడి తీసుకోలేదు. ఆ కాగితంలో నా తప్పు నల్లని అక్షరాల్లో కనిపించింది. సంతకం పెడితే గుండెమీద బరువు దిగుతుందనిపించింది. శిక్ష పడాలని నాకే ఆశగా ఉంది. మా ఊరి భూమి దక్కుతుంది, నేను కడుక్కున్నట్టవుతుంది. మిగతా పది ఊళ్లు ఆ క్షణంలో నాకు గుర్తే రాలేదు.

వెనకనుంచి వచ్చి అంజనమ్మ కాగితం మీద అరచెయ్యి పెట్టింది. రెండు రోజులుగా ఆమె నాతో మాట్లాడలేదు.

“ఏముందే దీంట్లో?”

చదివి వినిపించాను. ఆమె నాగేశ్వర రెడ్డి వైపు చూడలేదు, నాతోనే అంది. “నువ్వు చేసింది తప్పే. నేను మాఫ్ చెయ్యలా, చేస్తానో లేదో గూడా తెల్దు. అయితే నీ తప్పు నువ్వు మొయ్యి. వాళ్ల తప్పు గూడా నీ నెత్తిన పెట్టుకోని పొయ్యేదానికి నువ్వెవురు? నీకు బరువు దిగుతాది, ఆ పది ఊర్లకు భూమి పోతాది. మళ్లా నీదొక్కటే సూసుకుంటాండావు.”

కాగితం వెనక్కి తిప్పి, దానిమీదే రాశాను. తెరమీద రెండే గడులున్నాయని. అడిగితే బంజరు నొక్కమన్నారని. మా నాయన బీడుకు నేనే సాగు నొక్కానని. పదకొండు ఊళ్ల పేర్లూ రాసి, కింద సంతకం పెట్టాను. తిప్పన్న దాన్ని వరండా మెట్లెక్కి చదివాడు. ఒక్కో ఊరి పేరు చదివినప్పుడు ఆ ఊరివాళ్లు లేచి నిలబడ్డారు. చివరి పేరు వచ్చేసరికి ఆవరణలో కూర్చున్నవాళ్లు ఎవరూ లేరు.

నాగేశ్వర రెడ్డి కాపలాకొచ్చిన ఎస్సై చెవిలో ఏదో అన్నాడు. ఎస్సై నా దగ్గరకొచ్చాడు.

“సర్కారు రికార్డులు తారుమారు చేసినావు. జీపెక్కు.”

నేను జీపు వైపు కదిలాను. అంజనమ్మ అడ్డం వచ్చింది.

“ఈ పాపను ఒక్కదాన్నే తీసకపోతే తప్పు ఈమెదొక్కటే అయిపోతాది సారూ. మమ్మల్ని గూడా రాసుకో. సర్కారు భూమి అన్నదాంట్లో మావోళ్లు ఇప్పుడు ఇత్తనం ఏస్తాండారు. ఏపించింది నేనే. నా పేరు అంజనమ్మ.”

“నా పేరు గంగమ్మ” అంది గంగక్క, ఆమె పక్కకు వచ్చి. “గొర్రుకు ఎద్దుల్నిచ్చింది నేను.”

“శ్రీరంగప్ప” అన్నాడు మా నాయన. “ఇత్తనం ఇచ్చినా.” మొన్నటినుంచి మొదటిసారి ఆయన నా పక్కన నిలబడ్డాడు.

వాళ్ల వెనక ఇంకొకరు, ఇంకొకరు. కాలనీవాళ్లు అయిపోయాక పక్క ఊళ్లవాళ్లు వచ్చి నిలబడ్డారు. సుబ్బన్న కూడా వరుసలో ఉన్నాడు. ఎస్సై జీపు వైపు, జనం వైపు చూశాడు. కేసులు రాసే రైటర్‌ను కాగితాలు తెమ్మని కేకేశాడు. రైటర్ తెచ్చిన కాగితాలు చాలక మళ్లీ లోపలికి పరుగెత్తాడు.

ఎండ నడినెత్తికొచ్చింది. వరుస గేటు దాటి రోడ్డు మీదికి పోయింది. నేను అంజనమ్మ వైపు చూశాను. ఆమె నా వైపు చూడలేదు. రైటర్ కలం దులుపుకుంటూ తంటాలు పడుతుంటే అతని బల్ల మీద గట్టిగా చరిచింది.

“బిరీన రాసుకోప్పా. ఆడ పదును ఆరిపోతాంది, నేను పోయి ఇత్తుకోవాల.”